నారు పిన్ని

చెంచా కాడను మొలక పక్కన ఏటవాలుగా దించి, మట్టిని కింద నుంచి కొద్దిగా పైకెత్తి, ఒక్క ఆకు కొసను మాత్రమే రెండు వేళ్లతో పట్టుకుని, ఆమె టమాటా మొలకను చిన్న కుండీలోకి మార్చింది. కాండాన్ని పట్టుకోకూడదు. ఆకు నలిగితే మరో ఆకు పుట్టుకొస్తుంది. కాండం నలిగితే మొలక తల వాల్చేస్తుంది. చుట్టూ మట్టి అదిమి, మూతకు చిల్లులు పొడిచిన సీసాతో కాసిని నీళ్లు చిలకరించి, పక్క మొలక దగ్గరికి జరిగింది.

నారు పెంచే ఆ గది నిజానికి గది కాదు. పడగొట్టిన ఇళ్ల కిటికీ తలుపులు తెచ్చి నిలబెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పారు. ఒక్కో కిటికీది ఒక్కో రంగు. లోపల ఎప్పుడూ ఉక్క, తడిమట్టి వాసన. అద్దాల్లోంచి తోటంతా కనిపిస్తుంది. ఒకవైపు రైలు పట్టాల గోడ, మిగిలిన మూడువైపులా అపార్టుమెంట్ల వీపులు, వాటి బాల్కనీల్లో ఆరేసిన దుప్పట్లు, మధ్యలో చెక్క పెట్టెల్లాంటి మడులు. ఒకప్పుడు చుట్టుపక్కల వీధుల చెత్తంతా ఇక్కడే పోసేవారు. ఇప్పుడు వంకాయలు కాస్తున్నాయి.

తోటలో ఆమెను అందరూ నారు పిన్ని అంటారు. ఆమెకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన రేడియో తాతయ్య కూడా పిన్నీ అనే పిలుస్తాడు. "ఇంతమందికి పిన్నివి, నా ఒక్కడికే కాకుండా పోతావా?" అంటాడు. పొద్దున గేటు తీసింది మొదలు సాయంత్రం దాకా ఆయన నోరు మూతపడదు కాబట్టి ఆయనకా పేరు. ఆమె నోరు విప్పడమే అరుదు. ఎవరైనా ఏమైనా అడిగితే చేతిలో ఒక కుండీ పెట్టి, "పగలు ఎండ తగలాలి, రాత్రి గాలి తగలకూడదు" అని మళ్లీ పనిలో పడుతుంది.

వారమంతా ఆమెకు ఆసుపత్రి లాండ్రీలో పని. రోగుల దుప్పట్లు వేడినీళ్లలోంచి తీయడం, పిండడం, ఆరేయడం, మడతపెట్టడం. బ్లీచింగు నీళ్లకు వేళ్ల కొసల చర్మం పొరలుగా లేచిపోయి గీతలు చెరిగిపోయాయి. ఒకసారి ఏదో కార్డు కోసం వేలిముద్ర వేయమంటే యంత్రం తీసుకోలేదు. "మీరు లేరంటోందమ్మా ఇది" అని గుమాస్తా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. లేకుండా పోవడం అంత తేలికైతే ఎంత బాగుండేది అనుకుంది.

"అక్కా, ఒక్కసారి బయటికి రా."

డ్రాయింగు మాస్టారి గొంతు. ఆమె చెంచా తట్టలో పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని బయటికొచ్చింది. మాస్టారు సన్నగా, పొడవుగా ఉంటాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కుంచె, చెవి మీద పెన్సిలు. తోటలో ప్రతి మడికీ ఉన్న చెక్క పలక మీద కూరగాయ పేరు రాసింది ఆయనే. చిక్కుడు అని రాస్తే ఆ అక్షరాలు కూడా పాకుతున్నట్టే ఉంటాయి.

బీరపందిరి నీడలో కొత్త బల్ల ఉంది. తోటవాళ్లంతా కలిసి చేయించిన చెక్క బల్ల. దాని వీపు మీద తెల్లరంగుతో ఒక ఆడపిల్ల పేరు, ఆ పేరు చివర చిన్న నీలం పిట్ట.

"చివరి అక్షరం వంకరొచ్చిందా? చెయ్యి వణికింది. నీ చూపు సూటిగా ఉంటుంది, చెప్పు."

ఆమె ఆ పేరు వైపు చూసింది. ఆ పేరును మొదటిసారి ఆమె విన్నది కోర్టులో.

"బాగుంది తమ్ముడూ. వంకరేం లేదు."

మాస్టారి కూతురిని గుద్ది చంపిన వ్యాను నడిపింది నారు పిన్ని కొడుకు. ఆ సంగతి తోటలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

సరుకులు ఇంటింటికీ చేర్చే కంపెనీలో డ్రైవరు వాడు. తోటి డ్రైవరు రాలేదని పగటి డ్యూటీ మీద రాత్రి డ్యూటీ, దాని మీద మళ్లీ పగటి డ్యూటీ చేశాడు. బడి ముందు మలుపు దగ్గర కళ్లు మూతపడ్డాయి. పడ్డది రెప్పపాటే. ఆ రెప్ప తెరిచేసరికి రోడ్డు మీద ఒక నీలం సంచి, ఒక చిన్న బూటు ఉన్నాయి. వాడు పారిపోలేదు. పిల్లను ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు, తన తల్లి పనిచేసే ఆసుపత్రికే. ఆ రోజు సాయంత్రం లాండ్రీకి వచ్చిన మూటలో ఒక చిన్న దుప్పటి ఉంది. అది ఎవరిదో ఆమెకు అప్పటికి తెలియదు. అన్నింటితో పాటే ఉతికింది.

కోర్టులో ఆమె తలకు గుడ్డ చుట్టుకుని ఆఖరి వరుసలో కూర్చునేది. మాస్టారు ముందు వరుసలో. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదాయన. చూసి ఉంటే కథ అక్కడే తెగిపోయేది.

కొడుకు జైలుకు పోయాక ఇంట్లో గోడలు మీదపడుతున్నట్టుండి ఆమె ఈ తోటకు వచ్చింది. కొడుకు లేనితనానికి మట్టి మందు కాదు గాని, వంగి పనిచేస్తున్నంతసేపు ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. ఏడాది తిరక్కుండానే ఒక పొద్దున మేనేజరమ్మ ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చింది. మేనేజరమ్మ బ్యాంకు నుంచి రిటైరై ఈ తోటను నడిపే ఆవిడ. "పిన్నీ, ఈయన డ్రాయింగు మాస్టారు. కూతురు పోయింది. డాక్టరు మట్టిపని చెయ్యమన్నాడట. నీ దగ్గర పెట్టుకో" అంది. ఆయన చేతులు జోడించాడు. ఆమె ఎరువు గుంట వెనక్కి వెళ్లి కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. ఇక ఈ గేటు తొక్కకూడదనుకుంది. కానీ మర్నాటికి మిరపనారుకు నీళ్లు పోసేవాళ్లు లేరు. ఒక్కరోజు ఎండితే పోతుంది. నీళ్లు పోసి వచ్చేద్దామని వెళ్లింది. ఆయన అప్పటికే సీసా పట్టుకుని నిలబడి, "ఎన్ని పొయ్యాలక్కా?" అన్నాడు.

అలా మొదలైంది. ఆయన మాట్లాడేవాడు, ఆమె వినేది. పాప అన్నంలో కూర కలపనిచ్చేది కాదట. రైలు పోతుంటే పెట్టెలు లెక్కపెట్టి, ప్రతిసారీ తప్పు చెప్పేదట. ఇంట్లో భార్య పాప గది తలుపు తీయనివ్వడం లేదట. ఇవన్నీ ఇంకెవరికీ చెప్పలేదక్కా అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఎవరి ఇంట్లోనో దొంగతనంగా అన్నం తింటున్నట్టు ఉండేది. ఒకనాడు, "నీకు పిల్లలెంతమంది?" అని అడిగాడు. "నాకెవరూ లేరు" అనేసింది. నాలుక దానంతట అదే తిరిగింది. ఆ రోజు ఇంటికెళ్లి నోరు పుక్కిలిస్తూనే ఉంది.

కొడుకును చూడటానికి జైలుకు వెళ్లినప్పుడు మాత్రం మాటలు వచ్చేవి. తోట తప్ప చెప్పుకోవడానికి ఇద్దరికీ ఇంకేముంది? ఫలానా మడిలో ఫలానా మొక్క, రేడియో తాతయ్య గుమ్మడికాయను మనవడిలా ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగాడు, ఎరువు గుంటలో పాము అనుకుని అందరూ పరుగెడితే అది నీళ్ల గొట్టం. వాడు నవ్వేవాడు. గేటు రంగు అడిగేవాడు. ఏ సందులోంచి వెళ్లాలో అడిగేవాడు. మాస్టారి గురించి మాత్రం ఆమె ఒక్క ముక్క చెప్పలేదు.

వాడు విడుదలై ఈమధ్యే ఇంటికొచ్చాడు. కిటికీ పక్కన కూర్చుంటాడు. వీధిలో హారను మోగితే భుజాలు ముడుచుకుంటాడు. ఈ పొద్దున ఆమె బయలుదేరుతుంటే స్నానం చేసి, తల దువ్వుకుని, గుమ్మంలో నిలబడ్డాడు.

"నేనూ వస్తానమ్మా. గుంటలు తవ్వుతా. ఎవరితోనూ మాట్లాడను."

"ఇవాళ వద్దురా. జనం ఎక్కువ. కలిసి భోజనాలు."

"మొన్న కూడా వద్దన్నావు."

ఆమె చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

"నాతో కనిపించడం సిగ్గుగా ఉందామ్మా?"

"ఛ, ఏం మాటలురా అవి" అంది ఆమె. కానీ వాడి మొహం వైపు చూడకుండా అంది. వాడు దువ్వెన మళ్లీ గూట్లో పెట్టేశాడు.

మధ్యాహ్నానికి తోట నిండింది. నెలకో ఆదివారం ఇలా కలుస్తారు. ఎవరి మడిలో పండింది వాళ్లు తెచ్చి పెద్ద గిన్నెల్లో పడేస్తారు. అందరిదీ కలిసి ఒకే కూర అవుతుంది. పొడుగాటి బల్లలు వేశారు. పిల్లలు నీళ్ల తొట్టి చుట్టూ పరుగెడుతున్నారు. రేడియో తాతయ్య ఉల్లిపాయలు తరుగుతూ, "ఇవి ఉల్లిపాయ కన్నీళ్లు కావమ్మా, కూరకు ఉప్పు ఖర్చు తగ్గించడానికి" అంటున్నాడు. ఆమె పొయ్యి దగ్గర గరిటె తిప్పుతోంది. పడమటి అపార్టుమెంటు మీదుగా మబ్బు పాకుతోంది.

భోజనాలకు ముందు మేనేజరమ్మ చప్పట్లు కొట్టి అందరినీ బీరపందిరి దగ్గరికి పిలిచింది. మాస్టారు బల్ల పక్కన నిలబడ్డాడు. చెప్పడానికి ఏదో కాగితం మీద రాసుకొచ్చాడు, కానీ జేబులోంచి తీయలేదు.

"మా పాపకు ఊరంతా తిరగడం ఇష్టం. కూర్చోవడం ఇష్టముండేది కాదు" అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. "మా ఆవిడ రాలేకపోయింది. ఈ బల్ల మీద మొదట మా అక్క కూర్చోవాలి. ఈ మనిషి లేకపోతే నేను ఇవాళ లేను."

అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆమె కదల్లేదు. "పో పిన్నీ, సిగ్గెందుకు?" అని ఎవరో వెనక నుంచి మెల్లగా తోశారు. ఆమె చేతిలో గరిటె అలాగే ఉంది. నడిచింది. కూర్చుంది. కొత్త చెక్క వెచ్చగా ఉంది. ఆ పిల్ల పేరు సరిగ్గా ఆమె వెన్ను వెనకే ఉంది, రంగు తడి అని ఆమె వెనక్కి ఆనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే, పిన్ని మనసు వెన్న అని చెప్పుకున్నారు.

కంచాలు వడ్డించుకుని ఎవరి జట్టుతో వాళ్లు కూర్చున్నారు. మాస్టారు తన కంచం తెచ్చుకుని ఆమె పక్కనే కూర్చున్నాడు. చాలాసేపు తినకుండా కూరలోని చిక్కుడు గింజలు ఒక పక్కకు తీస్తూ ఉన్నాడు.

"వాడు బయటికొచ్చాడటక్కా" అన్నాడు.

ఆమె చేతిలో ముద్ద ఆగింది.

"వకీలు ఫోన్ చేశాడు. వస్తాడని తెలుసు, శిక్ష అయిపోతే వదులుతారు కదా. అయినా వినగానే ఫోన్ పెట్టేశాను. ఎక్కడో ఈ ఊళ్లోనే తిరుగుతుంటాడు. టీ తాగుతుంటాడు."

ఆమె ముద్దను మళ్లీ కంచంలో పెట్టేసింది.

"వాడిని తిట్టాలని ఉండదు ఇప్పుడు. ఓపిక లేదు. ఒక్కటే అనుకుంటుంటాను. వాడికీ తల్లి ఉంటుంది కదా. కొడుకు ఇంటికొచ్చాడని సంతోషిస్తూ ఉంటుందా? ఆవిడకు రాత్రిళ్లు నిద్రెలా పడుతుందో!"

"పట్టదు."

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే ఆయన తిరిగి చూశాడు. తనను ఓదార్చడానికి అందనుకున్నాడు కాబోలు, తల ఊపాడు. "నీకు పిల్లల్లేరు గాని, నీకు తెలుసక్కా. కొందరికి కనకపోయినా తెలుస్తుంది."

ఇక చెప్పెయ్యాలి అనుకుంది ఆమె. ఈ క్షణం చెప్పకపోతే ఈ బల్ల మీద కూర్చున్న పాపం ఏడేడు జన్మలకూ పోదు. కంచం పక్కన పెట్టింది. "తమ్ముడూ" అంది. "చెప్పక్కా" అన్నాడు ఆయన, ఎంతో ఆదరంగా. ఆమె మాట వెతుక్కుంటూ ఉండగానే పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి.

ఒక్కసారిగా తోటంతా లేచింది. కంచాలు నెత్తిన పెట్టుకుని కొందరు, గిన్నెలు ఎత్తుకుని కొందరు పనిముట్ల గది చూరు కిందికి పరిగెత్తారు. పిల్లలు కేకలు పెడుతూ కావాలనే తడుస్తున్నారు. "కూరలో నీళ్లు పడుతున్నాయి, పర్లేదు, ఇంకో పదిమందికి సరిపోతుంది!" అని రేడియో తాతయ్య అరుస్తున్నాడు. మాస్టారు తన కంచాన్ని బల్ల మీద పెట్టి, పేరు మీద రంగు ఇంకా ఆరలేదేమో అని అరచేతులు అడ్డం పెట్టాడు. ఆమె లేచి తన తలగుడ్డ విప్పి ఆ పేరు మీద కప్పబోయింది.

"అమ్మా."

గేటు దాటి, మడుల మధ్య సన్నటి దారిలో, మొక్కలు తొక్కకుండా చూసుకుంటూ నడిచి వస్తున్నాడు ఆమె కొడుకు. నల్లగొడుగు తెరిచి పట్టుకున్నాడు. గొడుగు ముందుకు వంచి పట్టుకోవడం వల్ల మొహం కనిపించడం లేదు. దగ్గరికొచ్చి గొడుగు ఎత్తాడు.

"వాన పట్టేలా ఉందని తెచ్చాను. ఇచ్చేసి వెళ్లిపోతానమ్మా. లోపలికి రాను అనుకున్నా గాని, గేటు దగ్గర ఎవరూ…"

మాట సగంలో ఆగిపోయింది. వాడు మాస్టారిని చూశాడు. మాస్టారు వాడిని చూశాడు. కోర్టులో అన్నాళ్లు ఎదురెదురుగా ఉన్న మనుషులకు గుర్తుపట్టడానికి క్షణం పట్టదు. మాస్టారి అరచేతులు ఇంకా ఆ పేరు మీదే ఉన్నాయి.

చూరు కింద మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో చాలామందికి తెలియదు. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

మాస్టారు నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు. ఆయన పెదవులు తెల్లగా పాలిపోయాయి.

"ఎవరక్కా ఇతను?"

ఆయనకు తెలుసు. అమ్మా అన్న పిలుపు విన్నాడు. అయినా అడిగాడు. కాదని చెప్పు అన్నట్టుగా అడిగాడు. దారి తప్పి వచ్చాడనో, ఎవరో తెలియదనో ఒక్క మాట అంటే నమ్మేవాడేమో. కొడుకు కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు తల దించుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు, వెళ్లిపోవడానికి సిద్ధంగా.

ఆమె వాడి మోచేయి పట్టుకుంది.

"నా కొడుకు మాస్టారూ" అంది.

తమ్ముడూ అనలేదు. ఆ పిలుపు మీద హక్కు పోయిందని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ… నా పక్కన కూర్చుని… పాప సంగతులన్నీ నీకు…" ప్రతి మాటా మొదలవుతోంది, ఏదీ చివరికి వెళ్లడం లేదు. కొడుకు చేతిలోంచి గొడుగు జారి గడ్డి మీద పడింది. "అయ్యా" అన్నాడు వాడు. మాస్టారు అరచెయ్యి పైకెత్తాడు. చెంపదెబ్బ కొడతాడేమో అనుకున్నారు చూరు కింద ఉన్నవాళ్లు. ఆయన కొట్టలేదు. ఆ చెయ్యి, ఇక మాట్లాడకు అని ఆపడానికి ఎత్తింది. వేళ్ల నిండా తెల్లరంగు అంటుకుని ఉంది. పేరు చెదిరిపోయింది.

"వెళ్లక్కా" అన్నాడు. అక్కా అన్నందుకు తనమీద తనకే అసహ్యం వేసినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. "వెళ్లిపో. వాడిని తీసుకుని వెళ్లిపో."

ఆమె చేతులు జోడించలేదు. క్షమించమనలేదు. ఆ మాట అడగడానికి కూడా ఎదుటివాళ్ల దగ్గర ఏదో ఒకటి మిగిలి ఉండాలి. కొడుకు మోచేయి వదలకుండా, మడుల మధ్య దారిలో గేటు వైపు నడిచింది. చూరు కింద నిలబడ్డ వాళ్లు ఆమెను చూశారు, ఎవరూ పిలవలేదు. రేడియో తాతయ్య నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

వీధిలో నీళ్లు మడమల దాకా పారుతున్నాయి. రైలు గోడ వెంట చాలాదూరం నడిచారు. మూసేసిన కొట్టు చూరు దగ్గర వాడు ఆగిపోయాడు.

"ఆయన అక్కడ ఉంటాడని నీకు తెలుసా అమ్మా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు? చెప్తే నేను రాకపోదును కదా."

"చెప్తే తోట గురించి వినేవాడివి కాదురా. జైల్లో నీకు ఇంకేముంది?"

వాడు గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. మొహం మీద కారేది వానో ఏడుపో తెలియడం లేదు. "నీకున్నది అదొక్కటే. అదీ పోగొట్టాను" అన్నాడు. ఆమె వంగి, తలగుడ్డ పిండి, వాడి తల తుడిచింది. పోలేదు అని అబద్ధమైనా చెప్పాలనుకుంది. రాలేదు. నిజం చెప్పడానికి వెతుక్కున్నప్పుడు దొరకని మాటలు అబద్ధానికీ దొరకలేదు.

"లే. జలుబు చేస్తుంది" అంది.

"రేపటి నుంచి ఏం చేద్దామమ్మా?"

"లే ముందు."

వాడు లేచాడు. ఇద్దరూ వానలోనే ఇంటివైపు నడిచారు. ఆమె మరి ఆ వీధి మొహం చూడలేదు. ఆసుపత్రికి కూడా చుట్టుదారిలో వెళ్లేది.

తోటలో ఆ సాయంత్రం గిన్నెలు ఎవరెవరో కడిగారు. మేనేజరమ్మ మాస్టారిని ఆటో ఎక్కించి ఇంటికి పంపింది. గేటు వేసేముందు అందరూ తలో వస్తువు తీసి లోపల సర్దారు, కంచాలు, బల్లలు, పిల్లలు మరిచిపోయిన చెప్పులు కూడా. బీరపందిరి కింద తిరగబడి పడివున్న నల్లగొడుగును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాని చుట్టూ తిరిగి నడిచారు. వాన రాత్రంతా కురిసింది, గొడుగు నిండి పొర్లింది.